ఉగ్గాని తినని రిఫరీ

శివలీల పేరు రాష్ట్ర రిఫరీల జాబితాలో లేదు. ఎందుకు లేదో కర్నూలులో ఫుట్‌బాల్ చూసేవాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పరు. నేను విప్పుతాను. నా పేరు యేసుప్రసాద్. డిపోలో బస్సుల టైర్లు మార్చడం నా ఉద్యోగం. సెలవు రోజుల్లో మైదానం అంచున జెండా పట్టుకుని పరిగెత్తే లైన్స్‌మన్‌ని. నిరుడు ఆ మ్యాచ్‌లో జెండా నాదే.

ముందు హంద్రీ క్లబ్, తుంగ క్లబ్ గొడవ చెప్పాలి. ఒకప్పుడు రెండూ ఒకే జట్టు. కడపలో కప్పు గెలిచి లారీలో తిరిగొస్తూ, ఆ కప్పు ఒళ్లో పెట్టుకుని డ్రైవర్ పక్కన ఎవరు కూర్చోవాలని కొట్టుకున్నారు. మైదుకూరులో టీకి ఆగినప్పుడు సగం మంది లారీ వదిలేసి బస్సెక్కారు. బస్సెక్కినవాళ్లు హంద్రీ, లారీలో మిగిలినవాళ్లు తుంగ. ఇంతే చరిత్ర! దీనికోసం ముప్పై ఏళ్లుగా తలలు పగిలాయి, పెళ్లి సంబంధాలు చెడిపోయాయి. ఒక క్లబ్బువాడి అంగట్లో ఇంకో క్లబ్బువాడు అగ్గిపెట్టె కూడా కొనడు.

ఏటా ఈ రెండు జట్లకూ జరిగే మ్యాచ్‌కు రిఫరీ దొరకడమే కష్టం. ఎటు విజిల్ వేసినా దెబ్బలే. అందుకని పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. ఆ రోజు రిఫరీ పొద్దున ఒక క్లబ్ సెక్రటరీ ఇంట్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినాలి. మధ్యాహ్నం రెండో సెక్రటరీ ఇంట్లో అన్నం తినాలి. ఇద్దరి ఉప్పూ తిన్నవాడు ఇద్దరికీ సమానంగా ఉంటాడట. ఉన్నారు, మహా సమానంగా ఉన్నారు! ఇటు ఒక పెనాల్టీ ఇస్తే కాసేపటికి అటూ ఒకటి ఇచ్చేవారు. ఇటు పసుపు కార్డు చూపిస్తే అటు ఎవడో ఒకణ్ని వెతికి చూపించేవారు. తప్పు జరిగిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. దానికి వీళ్లు పెట్టుకున్న పేరు న్యాయం.

శివలీల ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాళ్ల ఇంటి పిల్ల. బడిలో ఉన్నప్పటి నుంచీ ఆడింది, బాగా ఆడింది. కాలేజీలో మోకాలు పోయింది. ఇక ఆడకూడదని డాక్టర్లు చెబితే కొన్నాళ్లు ఏడ్చి, తర్వాత విజిల్ పట్టుకుంది. కర్నూలులో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా చేస్తూ రిఫరీ పరీక్ష పాసైంది. తాను ఆడలేకపోయిన పెద్ద మైదానాల్లో విజిల్ వేయాలన్నదే ఆమె కోరిక. అందుకు రాష్ట్ర జాబితాలో పేరుండాలి. పేరెక్కాలంటే మన టోర్నీ కమిటీ సిఫారసు కావాలి. ఆ ఏడు ఈ మ్యాచ్‌కు మగ రిఫరీలెవరూ ఒప్పుకోకపోతే ఆమెను పిలిచారు. మ్యాచ్ నడిపితే సిఫారసు చేస్తామన్నారు.

పొద్దున్నే హంద్రీ సెక్రటరీ చంద్రమోహన్ ఆమె గది దగ్గరికి బండి తెచ్చాడు.

“తినేసినానన్నా, ఏమనుకోవద్దు” అని ఆమె పంపేసింది.

మధ్యాహ్నం తుంగ సెక్రటరీ ఇమాం బాషా స్వయంగా మైదానానికి వచ్చి పిలిచాడు. అప్పటికే ఆమె గ్యాలరీ నీడలో కూర్చుని జొన్నరొట్టె, పప్పు తింటోంది.

“మ్యాచ్ ఉన్నరోజు ఎవరింట్లోనూ తిననన్నా. ఇంకోనాడు పిలువు, వస్తా” అంది.

ఆయన మొహం మాడిపోయింది.

మ్యాచ్‌లో హంద్రీవాళ్లు తమ గోల్ ముందు రెండుసార్లు తుంగ ఆటగాణ్ని పడేశారు. రెండుసార్లూ పెనాల్టీ ఇచ్చింది. తుంగ కెప్టెన్ చాంద్ బంతి లేని చోట ఒకణ్ని కడుపులో తన్నాడు. నేను జెండా ఎత్తాను, ఆమె ఎర్ర కార్డు తీసింది. చాంద్ ఇమాం బాషాకు సొంత తమ్ముడు. తుంగ పది మందితో ఆడి రెండు ఒకటితో గెలిచింది. అయినా గెలిచినవాళ్లూ తిట్టారు, ఓడినవాళ్లూ తిట్టారు. వాటర్ ప్యాకెట్లు విసిరారు. ఆమె చెక్కుచెదరలేదు.

వారం తిరక్కుండా రెండు క్లబ్బులూ కలిసి ఒకే ఫిర్యాదు మీద సంతకాలు పెట్టాయి. కమిటీ పెద్ద ఉరుకుందప్ప శివలీలనూ నన్నూ పిలిపించాడు. పోయి చూస్తే చంద్రమోహన్, ఇమాం బాషా ఒకే బెంచీ మీద ఉన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నేను చేసిన దాంట్లో ఏది తప్పో చెప్పండన్నా” అని శివలీల అడిగింది.

“తప్పని ఎవరన్నారమ్మా?” అన్నాడు ఇమాం బాషా. “మావోడు తన్నింది నిజమే. కానీ మా ఇంట్లో ఆడోళ్లు పొద్దున్నుంచి నీకోసరం వండినారు. నువ్వు గడప తొక్కకపోతివి.”

“రెండు పెనాల్టీలూ ఒక పక్కకేనా? ఇంతకుముందు ఎవరన్నా ఇట్ల చేసినారా?” అన్నాడు చంద్రమోహన్.

ఉరుకుందప్ప నవ్వాడు. “ఇదేమంత పెద్ద సంగతి కాదు తల్లీ. ఆదివారం ఇద్దరిళ్లల్లో తినిపో. వీళ్లు ఫిర్యాదు ఎనక్కి తీసుకుంటారు. సిఫారసు నేను రాసిస్తా.”

“తింటా. నాకు తిండి పట్టింపు లేదు” అంది ఆమె. “తిన్నాక, వచ్చే ఏడు మళ్లా ఒక పక్కోళ్లే రెండు తప్పులు చేస్తే రెండు పెనాల్టీలు ఇయ్యొచ్చునా?”

చంద్రమోహన్ గొణిగాడు. “అట్లంటే ఎట్లమ్మా? సర్దుకోని పోవాల.”

“నాకు అన్నం పెడతాండారా, నోటికి తాళం ఏస్తాండారా?” ఆమె కుర్చీ వెనక్కి తోసింది. “నాకొద్దు మీ అన్నం.”

నేను లేచి అరిచాను. “సిగ్గుండాల మీకు! పిల్ల సరిగ్గా చేసిందని మీ నోటితో మీరే చెప్తాండారు గదా!”

“నువ్వు కూచో ప్రసాదూ, శానా పొద్దుపోయింది” అని ఉరుకుందప్ప ఫిర్యాదు మీద ‘ఆమోదం’ అని రాసి సంతకం పెట్టాడు. సిఫారసు ఆగిపోయింది.

బయటికొచ్చాం. శివలీల స్కూటీ తాళం చేతిలో పట్టుకుని ఊరకే నిలబడింది. మా ముందే చంద్రమోహన్ బండి స్టార్ట్ చేశాడు.

“బాషా, ఎట్ల పోతావు? రా, దింపుతా” అన్నాడు.

ఇమాం బాషా అతని భుజం పట్టుకుని వెనక ఎక్కి కూర్చున్నాడు.