నేను మిగిల్చుకున్న గంట

ఆ కాలంలో మాకు ఇన్ని కొత్త మాటలు లేవు గానీ, కోపాలు మాత్రం ఇవే ఉండేవి. మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ "ఆఫీసు పనిలోంచి రోజుకో గంట మిగుల్చుకుని పర్సనల్ బ్రాండ్ పెంచుకుంటున్నం, అది నీకు సమజ్ కాదులే అమ్మమ్మా" అన్నారు. నేను ఎప్పటిలాగే మెల్లగా "మంచిది బిడ్డా" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక మాత్రం ఒళ్లు మండింది. ఆ గంట సంగతి నాకు తెలియదా? పెళ్లికి ముందు, పందొమ్మిదేళ్లప్పుడు, జనగామలో ఒక టైలర్ షాపులో ఆ గంట కోసం నేను యుద్ధమే చేశాను. (మెల్లగానే చేశాననుకోండి. గట్టిగా అరవడం నాకు అప్పుడూ రాదు.)

మా మాస్టర్ కొలతకిచ్చే ఆది జాకెట్ తీసుకుని, వచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడేవాడు. కత్తిరించడం, కుట్టడం, హుక్కులు వేయడం అన్నీ నేనే. జాకెట్ ఒంటికి అతికినట్టు కూర్చుంటే "మాస్టర్ చేతిల జాదూ ఉన్నది" అని పోయేవాళ్లు. చెయ్యి నాది, జాదూ ఆయనది! రోజుకు ఆరు జాకెట్లు నా వంతు. వచ్చిన వరుసలో కుడితే ఎర్రది, పసుపుది, మళ్లీ ఎర్రది. ప్రతిసారీ దారం మార్చాలి, బాబిన్ చుట్టాలి. ఒకరోజు రంగుల వారీగా కుప్పలు పెట్టి, ఒక్కో రంగువన్నీ ఒకేసారి కుట్టేశాను. ఆరూ అయ్యాక ఇంకా గంట మిగిలింది! ఆ గంటలో, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆకుపచ్చ దారంతో, ప్రతి జాకెట్ మెడ లోపల గోరంత చిలుకను కుట్టడం మొదలుపెట్టాను. తొడుక్కునే ఆమెకు తప్ప ఎవరికీ కనిపించదు. అయినా అది నా సంతకమే.

కొన్నాళ్లకు ఆడవాళ్లు "చిలుక జాకెట్లు కుట్టే షాపు ఇదేనా?" అని వెతుక్కుంటూ వచ్చారు. నేను పొంగిపోయేలోపే మాస్టర్ బోర్డు మార్పించాడు. తన పేరు, పక్కన గుమ్మడికాయంత చిలుక!

"మాస్టర్, ఆ చిలుక నాది గదా," అన్నాను.

"నీదెట్లయితది? పదింటి నుంచి ఏడింటి దాంక నువ్వు నా షాపుల ఉంటవు. ఆ టైంల ఏం చేసినా షాపుదే."

"రోజుకు ఆరు అన్నరు, ఆరు ఇస్తున్న. మిగుల్చుకున్న గంట నాది."

"గంట మిగిలితే ఏడోది కుట్టాలె గని, గీ చిలుకలు గిలుకలు ఏంది? రేపటి సంది ఏడు!"

చూశారా అన్యాయం! తెలివిగా పని చేసినందుకు శిక్ష. నేను ఏడోదీ కుట్టాను, అన్నం తినే టైంలో చిలుకలూ కుట్టాను. (అన్నం సగమే తిన్నాను. పౌరుషం కడుపు నింపదని అప్పుడే తెలిసింది.)

ఇలా ఉండగా బచ్చన్నపేట నుంచి ఒక పటేలమ్మ, కూతురి పెళ్లి జాకెట్ల బట్టతో వచ్చింది.

"చిలుకలు లోపల గాదు, చేతుల మీద కనవడాలె. ఎవలు కుడతరు?"

"నేనేనమ్మా! అంతా నా చెయ్యే," అన్నాడు మాస్టర్.

"అయితే ఒకటి కుట్టి సూపియ్యి. ఇగో, ఈడ్నే కూసున్న."

మాస్టర్ సూదిలో దారం ఎక్కించడానికే చెమటలు కక్కాడు. చాలాసేపటికి పీలిక మీద ఏదో ఒక పక్షి తేలింది.

"గిదేంది మాస్టర్? చిలుకనా, కోడా?"

"చిలుకనేనమ్మా. జర బలిసింది."

నేను నవ్వు ఆపుకుంటూ, అప్పటికే నా చేతిలో తయారైన చిలుకను బల్ల మీద పెట్టాను. పటేలమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. "నువ్వా! పేరేందే బిడ్డా?"

ఆ ఒక్క ప్రశ్న కోసం ఎన్నాళ్లు ఎదురుచూశానో! అద్దం ముందు నిలబడి పేరు, ఇంటిపేరు, మా గల్లీ గుర్తులు అన్నీ అప్పజెప్పుకున్నదాన్ని. తీరా అడిగేసరికి తల వంగిపోయింది. "చిలుకలు నేనే కుడతనమ్మా," అన్నాను. అంతే!

పటేలమ్మ ఊరంతా అదే చెప్పింది. తర్వాత ఇంట్లో సొంత మిషన్ పెట్టుకున్నా, వచ్చినవాళ్లంతా "చిలుకలామె ఇల్లేది?" అనే అడిగారు. నా పేరు జనగామలో ఈనాటికీ ఎవరికీ తెలియదు. మాస్టర్ మీద కోపం ఎప్పుడో చల్లారింది. పేరు చెప్పలేకపోయిన ఆ పందొమ్మిదేళ్ల పిల్ల మీదే ఇంకా చల్లారలేదు. దాని భుజాలు పట్టి "పేరు చెప్పవే, పిచ్చిదానా!" అని కుదిపేయాలనిపిస్తుంది. కానీ ఏం లాభం? గట్టిగా గద్దిస్తే అది ఇంకా ముడుచుకుపోతుంది.