గ్రీసు పెట్టే చేతికి జాగా

యాకుత్‌పురాలో కింద మా పిండి గిర్నీ, పైన మా కాపురం. చిన్నప్పుడు నాయన కింద గిర్నీ నడుపుతుంటే పైన నేను మధ్యాహ్నం కునుకు తీసేవాణ్ని. మంచం, గోడకున్న పటాలు, గూట్లో స్టీలు గ్లాసులు అన్నీ సన్నగా వణికేవి. ఆ వణుకు నిద్రలోకి కూడా వచ్చేది. కలలో రైలెక్కినా, నీళ్ల మీద తేలినా నా కింద ఎక్కడో ఒక రాయి మెల్లగా తిరుగుతూనే ఉండేది. అది ఆగితే మెలకువ వచ్చేది.

నాయన తర్వాత గిర్నీ నా చేతికి వచ్చింది. దాన్ని నేను చెవితోనే చూసుకున్నాను. రాళ్లమీద ఉలితో కొట్టిన కక్కు అరిగిపోతే చప్పుడు బద్ధకంగా, కడుపు నిండినవాడి మాటలాగా వస్తుంది. మోటారు పట్టా జారితే ఈల వేస్తుంది. బేరింగులో గ్రీసు ఎండితే సన్నగా కీచుమంటుంది. ఆ కీచు వినపడ్డ పూటే ఇంత గ్రీసు పెడితే పోతుంది. వదిలేస్తే షాఫ్టు పట్టేసి గిర్నీ మూలపడుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకపోవడమే మా పనిలోని తెలివంతా.

అలాంటిది, కొన్నేళ్లుగా నా చెవులు మందగించాయి. ముందు పావురాల రెక్కల చప్పుడు పోయింది. తర్వాత ఎదురుగా హోటల్లో చాయ్ కప్పుల గలగల పోయింది. నిజం చెప్పొద్దూ, అందులో ఒక సుఖం కూడా ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండలో పిండి దుమ్ము తేలుతూ ఉంటుంది, గిరాకీలు పెదవులు కదుపుతారు, నేను ఎక్కడో దూరాన కూర్చుని చూస్తున్నట్టు ఉంటుంది. కానీ భయం కూడా పట్టుకుంది. గిర్నీ మాట వినపడకపోతే ఇక నేను గిర్నీవాణ్ని ఎట్లా అవుతాను? ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా.

చెవి చేసే పని చేతికి అప్పగించాను. రాలే పిండిని అరచేతిలో పట్టి చూసేవాణ్ని. వెచ్చగా ఉంటే సరే, కాలితే రాళ్లు బిగిసినట్టు. మా గిరాకీలేమో పిండి ఎంత కాలితే అంత తాజాదని సంబరపడి సంచిని పొట్టకు ఆనించుకుని పోతారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

పాత గిర్నీ చట్రం పగిలి, కొత్తది తెచ్చాం. బిగించడానికి వచ్చిన ఫిట్టర్ దాన్ని వెనక గోడకు ఆనించి పెట్టబోయాడు. ముందు జాగా ఎక్కువ మిగులుతుందట.

"వెనక బేరింగుకు గ్రీసు ఎట్ల పెట్టాలె?" అని అడిగాను.

"కొత్త మాడల్ సేఠ్. మస్తు రోజులు చూసే పనే లేదు. ఫికర్ చెయ్యకుండ్రి."

నాకు మండింది. "చెయ్యి పోని చోటికి చూపు గూడ పోదు భాయ్. ముందటికి జరుపు."

పట్టా మీది కవరు గురించి కూడా లొల్లి చేశాను. దానికి చుట్టూ బోల్టులు ఉన్నాయి. బోల్టులు విప్పాలంటే మనిషి రేపు చూద్దామనుకుంటాడు. అందుకని ఒక పక్కన కబ్జాలు, అంటే మడతబందులు వేయించి తలుపులాగా తెరుచుకునేట్టు చేయించాను. గిర్నీకీ గోడకూ మధ్య నా భుజం పట్టేంత సందు మిగిలింది. ఫిట్టర్ తల కొట్టుకుంటూ పోయాడు.

శుక్రవారం నమాజు వేళ బజారు పలచబడుతుంది. అప్పుడు గిర్నీ ఆపి, ఆ సందులో దూరి గ్రీసు పెట్టేవాణ్ని. పిండి దుమ్ము నెమ్మదిగా నా జుట్టు మీదికి దిగుతూ ఉండేది. అక్కడే నిలబడి నిద్రపోవాలనిపించేది.

రంజాన్ ముందు గోధుమల రద్దీ. పొద్దంతా గిర్నీ తిరుగుతూనే ఉంది. ఎవరో భుజం పట్టి ఊపితే తిరిగి చూశాను. నా భార్య.

"ఇగో, వెనక దిక్కు కీసుకీసుమంటున్నది. జర సూడుండ్రి," అంది చెవి దగ్గరికి వచ్చి.

"ఏం లేదు, మంచిగనే ఉన్నది," అన్నాను విసుగ్గా. అయినా సందులోకి చెయ్యి పోనిచ్చాను. బేరింగు చుర్రుమంది. మోటారు ఆపేశాను. బేరింగు రబ్బరు సీలు చిరిగి లోపలికి పిండి పోయింది. ఇంకాసేపు తిరిగి ఉంటే షాఫ్టు పోయేదే.

చల్లబడేదాకా ఇద్దరం గోధుమ బస్తాల మీద కూర్చున్నాం. ఈ చప్పుడుకు తల పగులుతోందని ఇన్నేళ్లూ నన్ను తిట్టిన మనిషి, పైనుంచి దాని ప్రతి మూలుగూ గుర్తుపడుతోంది. నాకు సిగ్గూ, కోపమూ, అసూయ కూడా కలిగాయి.

"నాకు వినిపిస్తలేదు," అన్నాను చివరికి.

"ఎరుకే."

"ఎప్పటి సంది?"

ఆమె లేచి నా ముందుకు వచ్చి, నోరు కనిపించేట్టు నిలబడింది.

"మొన్న అన్నం తినేటప్పుడు చెప్పిన. మా అక్కకు మస్తు బాగలేదు, జహనుమా పోయి చూసొద్దాం అన్న. మీరు నవ్విండ్రు."

వినపడనప్పుడల్లా నవ్వి తల ఊపడం నాకు ఎప్పుడు అలవాటైందో తెలియదు. గిర్నీ గురించే భయపడుతూ కూర్చున్నాను. ఇంట్లో నాతో ఒక మనిషి మాట్లాడుతోందని మరచిపోయాను.

బేరింగు విప్పలేదు. గిరాకీలను రేపు రమ్మని పంపి, షట్టర్ దించాను. ఇద్దరం జహనుమాకు ఆటో ఎక్కాం. దారి పొడుగునా ఆమె పెదవులు కనిపించేట్టు పక్కకు తిరిగి కూర్చున్నాను.