ఎర్రమన్ను పరదా

మంగళవారం. పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది. డాబా తూములో చేరిన ఆకులు తీసేశాను. నాకు రాత అంటే రోజువారీ లెక్కలే... అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... గోరంట్ల దగ్గర మా పల్లెలో, మా మట్టిమిద్దెలో వంటింటికి తలుపు ఉండేది కాదు. పడసాలలో కూర్చున్నవాళ్లకు లోపలి కుండల దొంతులన్నీ కనిపించేవి. పంటలు పండిన ఏడు అదొక గొప్ప... రాగులకొక కుండ, కొర్రలకొక కుండ. వానలు లేక కరువొచ్చిన ఏళ్లలో మాత్రం అన్నీ బోర్లించి ఉండేవి.

మా మేనమామది చిలమత్తూరు. ఆయన బావిలో ఇంకా నీళ్లున్నాయి. "ఇంట్లో గింజల్లేకుంటే చెప్పండి, చెల్లెల్నీ పిల్లోల్లనీ పిల్చుకోనొస్తా" అని కబురు పంపాడు. మా నాయన సంతలో పదిమంది ముందర, "మా ఇల్లు నిండుగా ఉండాది. మేం గంజి కేంద్రం దిక్కు కూడా చూడలేదు" అన్నాడట. అయితే కళ్లారా చూసే పోతానని మామ బయల్దేరాడు.

నిజానికి నేనూ చెల్లెలూ రోజూ గిన్నెలు పట్టుకుని సర్కారు గంజి కేంద్రానికి వెళ్లేవాళ్లం. మేము గిన్నెలు తీసే వేళకు నాయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు... చూడనట్టు.

అమ్మకు పుట్టింటికి పోవడం ఇష్టం లేదు. మేం పోతే నాయన ఒక్కడే మిగులుతాడు, ఊళ్లో తలెత్తుకోలేడు. మామ కంట కుండలు పడకూడదని వంటింటి గుమ్మానికి పరదా కట్టాలనుకుంది.

గుడ్డ ఇచ్చింది పక్కింటి ఖాదర్‌బీ. గంజి కేంద్రంలో వంట చేసేది. పరదేశం నుంచి పిండి వచ్చిన, నీలం ఇంగ్లీషు అక్షరాలు అచ్చేసిన ఖాళీ సంచి ఒకటి తెచ్చి అమ్మ ఒళ్లో పడేసింది.

"మంచి గుడ్డక్కా. మీ ఆయనకు చొక్కా కుట్టిచ్చు. ఈపు మీద ఇంగిలీసు ఉంటాది, దొర మాదిరి తిరుగుతాడు."

"నోర్ముయ్యే, ఆయప్ప ఇంటాడు" అని అమ్మ నవ్వింది. ఆ కరువులో ఆమె నవ్వగా చూసింది నాకు అదొక్కటే గుర్తు.

సంచి కుట్టు విప్పి దారం జాగ్రత్తగా ఉండ చుట్టింది. బూడిద నీళ్లలో ఉడకేసి బండకేసి బాదింది. నీలం అక్షరాలు మసకబారాయి గానీ పోలేదు... అప్పుడు ఆమెకు గోడ గుర్తొచ్చింది. గోడ మీద మరకలుంటే ఏం చేస్తాం? ఎర్రమన్ను పూస్తాం. అదే చేసింది. మన్ను నానబెట్టి, వడగట్టి, గంజి కలిపి, గుడ్డను నేల మీద పరిచి ఇల్లు అలికినట్టు చేత్తో పూసింది. ఆరాక పుల్లకు పేలిక చుట్టి, సున్నంలో ముంచి, ఎదురెదురుగా రెండు చిలకలు వేసింది. నేను నానిన సీతాఫలం గింజలను దబ్బనంతో పొడిచి ఇస్తుంటే, ఆ సంచి దారంతోనే అంచుకు వేలాడే కుచ్చుల్లా కుట్టింది.

గుమ్మానికి కట్టాక చూస్తే... మా ఇల్లేనా అనిపించింది. ముట్టుకుంటే మన్ను రాలేది. ఎవరూ దాని దగ్గరికి పోవద్దంది అమ్మ.

మామ వచ్చాడు. తెల్లటి పంచె. ఖాదర్‌బీ దగ్గర బదులు తెచ్చిన రాగిపిండితో అమ్మ సంగటి కెలికింది. మామ పరదా పక్కనే కూర్చున్నాడు.

"చిలకలు బలే ఉండాయే. ఎవరు ఏసింది?"

"నీ చెల్లెలే బావా. కడుపు నిండినోళ్లకు గదా ఇట్లాంటి సరదాలు" అన్నాడు నాయన.

అంతలో ఉరిమింది... వాన! నాయన కంచం వదిలేసి బయటికి పరుగెత్తాడు. వీధంతా కేకలు. ఖాదర్‌బీ వాకిట్లో తపేలాలు పెడుతోంది...

మిద్దె కారకుండా ఏటా వానలకు ముందు పైన కొత్తగా చౌడు మట్టి వేయాలి. ఆ ఏడు వాన మీద ఆశ లేక నాయన వేయలేదు. ఎండకు పగిలిన మిద్దె సరిగ్గా ఆ గుమ్మం మీదే కారింది. ఎర్రటి నీళ్లు మామ పంచె మీద... కంచంలో సంగటి మీద. చిలకలు జారిపోయాయి. మన్ను కరిగిన చోటల్లా నీలం అక్షరాలు తేలాయి.

మామకు చదువు రాదు. కానీ ఆ రోజుల్లో గంజి కేంద్రం సంచిని గుర్తుపట్టడానికి మా వైపు ఎవరికీ చదువు అక్కర్లేదు. లేచి పరదా పక్కకు లాగాడు. కుండల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"బావా, వానొచ్చినాది బావా!" అంటూ నాయన తడిసిన ఒంటితో నవ్వుతూ లోపలికి వచ్చాడు. ఆ నవ్వు అట్లాగే ఆగిపోయింది.

"ఏమప్పా... ఇదేనా నిండిన ఇల్లు?"

"వానొచ్చె గదన్నా, ఇంక మాకేం..." అంది అమ్మ.

"వాన ఈ పొద్దొచ్చినాది. పంట ఎప్పుడొస్తాదమ్మా? అంతవరకు పిల్లోల్లకు ఎర్రమన్ను కెలికి పెడతావా?"

అమ్మ కొంగుతో మామ పంచె తుడవబోయింది. తుడిచేకొద్దీ ఎరుపు పాకింది. నాయన గోడ వైపు తిరిగి, "పిల్చుకోని పో బావా" అన్నాడు.

మరునాడు మామ బండిలో వెళ్లిపోయాం. సాగనంపడానికి నాయన వీధిలోకి కూడా రాలేదు. విత్తే పని ఉంది అన్నాడు... ఇంట్లో విత్తనాలు లేవని బండిలో ఉన్న అందరికీ తెలుసు.

చాన్నాళ్లకు మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు నాయన మామ ఇంటి అరుగు ఎక్కలేదు. బయట ఎండలో నిలబడే, "పోదాం పాండి" అన్నాడు. మామ కూడా లోపలికి రమ్మనలేదు. నాకు అప్పుడు ఎటు చూడాలో తెలియలేదు... ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా కోడలు హాలులో గోనెగుడ్డ తెర కట్టింది. ఇంగ్లీషు అక్షరాలు పైకి కనిపించేలా. అదే అందమట. వచ్చినవాళ్లు ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు. నేను ఆ తెర పక్కనున్న నా కుర్చీ వదిలేసి వేరేచోట కూర్చుంటున్నాను. ఎందుకో వాళ్లకు చెప్పలేదు.

మీ చిన్నప్పుడు చుట్టాలు వస్తున్నారంటే మీ ఇంట్లో ఏది దాచేవాళ్లు...? చెప్పగలిగితే చెప్పండి.