మజ్జిగ కోసం ఏడ్చిన రోజు

నా మొదటి బిడ్డకు మూడో నెల నడుస్తుండగా నాకు ఏడుపు పట్టుకుంది. జ్వరం, దగ్గు పట్టుకున్నట్టే అదీ పట్టుకుంది. దానికి కారణం అక్కర్లేదు. పెరట్లో ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్లో ఒకదాన్ని కాకి ఎత్తుకుపోతే ఏడ్చాను. తలలో నూనె ఎక్కువైందని ఏడ్చాను. పిల్ల నవ్వితే, అయ్యో ఇంత చక్కగా నవ్వుతోందే అని కూడా ఏడ్చాను.

అవి అరవైల చివరి రోజులు. మా అత్తవారి ఊరు కోటబొమ్మాళికి నడిచి వెళ్ళేంత దూరం. ఊరికింకా కరెంటు రాలేదు. పురుడు పుట్టింట్లో, బొబ్బిలి దగ్గర, పోసుకున్నాను. మా నాన్న అక్కడ వీణలు చేసేవాళ్ళకు పనస దుంగలు తోలేవాడు. ఎండలు ముదిరిన రోజుల్లో మూడు నెలల కూతుర్ని చంకనేసుకుని అత్తింటికి వచ్చాను. ఆ ఇంట్లో మేము నలుగురం, అయిదోది పిల్ల. అత్త, మావ, బావ, నేను. బావంటే నా మొగుడే. దూరపు మేనరికం కాబట్టి చిన్నప్పటినుంచీ ఆ పిలుపే, పెళ్ళయ్యాకా మారలేదు.

ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. అది ఇంకా అన్యాయం. ఏడుపు నన్ను మాత్రమే తడిపేది, కోపం అందరి మీదా పడేది. బావ చోడిపిండి అంబలి తాగుతుంటే జుర్రుమనే చప్పుడుకు నాకు నరాలు తెగిపోయేవి. ఒకరోజు చేతిలో గరిటె నేలకేసి కొట్టి, "బావా, నువ్వు మనిసివా గేదెవా?" అని అరిచాను. ఆయన ముంత పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి పశువుల సాలలో, ఎద్దుల పక్కన నిలబడి అంబలి తాగడం మొదలుపెట్టాడు. అది చూసి మళ్ళీ ఏడ్చాను. ఇంత మంచివాణ్ణి ఎద్దుల పక్కన నిలబెట్టానే అని.

నా ఏడుపుకు ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. ఒకావిడ దిష్టన్నది. ఇంకొకావిడ పుట్టిల్లు మీద బెంగన్నది. మధ్యాహ్నంవేళ జీడితోట దాటి వచ్చాను కాబట్టి గాలి సోకిందని మరొకరు. ఉప్పు తిప్పారు, ఎండుమిరపకాయలు కాల్చారు, విభూది పెట్టారు. మిరపకాయల పొగకు ఇంటిల్లిపాదీ దగ్గాం తప్ప నా కళ్ళనీళ్ళు ఆగలేదు.

మా అత్త మాత్రం ఏమీ అనలేదు. అదే నాకు భయం. అత్త నిలువెత్తు మనిషి, గొంతు కూడా అంతే. ఆవిడ పిలిస్తే అవతల వీధిలో పశువులు తలెత్తి చూసేవి. చుట్టుపక్కల ఎవరైనా పోతే ముందు కబురు మా అత్తకే వచ్చేది. శవం దగ్గర కూర్చుని ఆవిడ రాగం తీస్తే, పోయినవాడి బతుకంతా, వాడి పాడిగేదెతో సహా, పాటలోకి వచ్చేసేది. రాళ్ళలాంటి మగాళ్ళు కూడా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవారు. అలాంటి ఆవిడ ముందు నేను కాకికోసం, నూనెకోసం ఏడుస్తున్నాను. నా ఏడుపు ఆవిడకు పిచ్చి ఏడుపులా కనిపిస్తుందని సిగ్గుపడి, సాధ్యమైనంతవరకు ఆవిడ పొయ్యిపుల్లలకు వెళ్ళినప్పుడే ఏడ్చేసేదాన్ని.

ఆ రోజూ అత్త అలాగే పుల్లలకు వెళ్ళింది. బావ బండితో పొలానికి పెంట తోలుతున్నాడు. మావ అన్నం తిని, ఎండకు తువ్వాలు మొహంమీద కప్పుకుని వీధరుగుమీద వెల్లకిలా పడుకున్నాడు. నేను వంటింట్లో పెరుగు చిలికి, వెన్న తీసి, మజ్జిగ కుండ పక్కన పెట్టాను. ఉయ్యాలలో పిల్ల ఏడ్చింది. గబుక్కున లేచాను. కాలు తగిలి కుండ దొర్లింది. ఇంటిల్లిపాదికీ ఆ పూటకున్న మజ్జిగ తెల్లగా, నెమ్మదిగా గడప వైపు పారిపోయింది.

నేను ఆ మజ్జిగలోనే చతికిలబడ్డాను. పిల్లని ఒళ్ళో వేసుకుని పాలిస్తూ వెక్కివెక్కి ఏడ్చాను. పిల్ల నోరు మూసింది కానీ నేను మూయలేదు.

సరిగ్గా అప్పుడే అత్త పుల్లల మోపుతో పెరటి గుమ్మంలోకి వచ్చింది. మోపు కింద పడేసింది. నన్ను చూసింది, మజ్జిగను చూసింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వచ్చి, నా పక్కన, ఆ మజ్జిగలోనే, కాళ్ళు బారజాపి కూర్చుంది. నా భుజంమీద చెయ్యేసింది. ఒకసారి గొంతు సవరించుకుని రాగం ఎత్తుకుంది.

"ఓలమ్మో, ఓ మజ్జిగ తల్లీ! పొద్దున్నే లేసి నిన్ను సిలికితిమే! కూటిలోన కలుస్తావనుకుంతే మట్టిలోన కలిసిపోతివే! కూడొండినాము, నీకోసమని కూకున్నాము, ఎవలి కాలు తగిలి ఎల్లిపోతివే! నీ జోడు ఉల్లిపాయ ఒంటిదైపోనాదే, సూడవే తల్లీ, ఆ మూల ఎలగ కూకున్నాదో!"

శవాల దగ్గర తీసే గొంతే అది. అందులో తేడా ఏమీ లేదు. ఇల్లు దద్దరిల్లింది. నేను ఏడుపు ఆపి ఆవిడ మొహంలోకి చూశాను. నవ్వులాటకు చేస్తోందేమోననుకున్నాను. కళ్ళమ్మట నిజంగానే నీళ్ళు కారుతున్నాయి.

ఇంతలో వీధిలో పరుగులు వినిపించాయి. మా అత్త రాగం ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ గొంతు ఆవిడ సొంతింట్లోంచే వస్తోందంటే ఇంకేముంది? ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పొయ్యిమీద కూరలు వదిలేసి వచ్చారు. వచ్చేసరికి ఎదురుగా అరుగుమీద మావ, మొహంమీద తువ్వాలుతో, వెల్లకిలా, కదలకుండా. వాళ్ళు చూసింది చాలు. చుట్టూ కూలబడి గుండెలు బాదుకోవడం మొదలుపెట్టారు.

"ఓలమ్మో, పొద్దున్నేకదే నన్ను అప్పా అని పిలిసినాడు!" అని, ఆయనకు అక్క వరసయ్యే ఒక ముసలావిడ ఆయన కాళ్ళు పట్టుకుంది.

మావ తువ్వాలు తీసి లేచి కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. "ఎవలు పోనారే?" అన్నాడు గాభరాగా.

ఆడవాళ్ళంతా ఒక్క కేక పెట్టి వెనక్కి పడ్డారు. ఆ ముసలావిడ మాత్రం కాళ్ళు వదల్లేదు. "నువ్వే కాదేటి?" అంది.

వంటింటి గుమ్మంలోంచి నాకిదంతా కనిపిస్తోంది. ముందు ముక్కులోంచి ఒక చప్పుడొచ్చింది. తర్వాత కడుపులోంచి నవ్వు వచ్చింది. ఎన్ని రోజులైందో నేనలా నవ్వి. ఊపిరాడక గోడకు జారగిలబడ్డాను. ఒళ్ళో పిల్ల ఎగిరెగిరి పడుతోంది. అత్త ఇంకా ఉల్లిపాయ వైధవ్యం దగ్గరే ఉంది. నన్ను చూసి ఆవిడకూ నవ్వు ముంచుకొచ్చి రాగం మధ్యలో తెగిపోయింది. బండి వదిలేసి ముల్లుకర్రతో సహా పరిగెత్తుకొచ్చిన బావకు, ఇంటినిండా జనం, మజ్జిగలో కూర్చుని నవ్వుతున్న తల్లీ పెళ్ళామూ కనిపించారు.

"ఏటైనాది? ఎవలికేటైనాది?" అన్నాడు.

"మజ్జిగ పోనాదిరా," అంది అత్త కళ్ళు తుడుచుకుంటూ.

నవ్వి నవ్వి, ఆ నవ్వులోంచే మళ్ళీ ఏడుపులోకి జారిపోయాను. ఈసారి దాచుకోలేదు. అత్త నా తల తన ఒళ్ళో పెట్టుకుంది. "ఏడువు అమ్మీ, ఎంత కావాలంతే అంత ఏడువు. ఒక్కర్తివీ దొంగతనంగా ఏడవకు, అంతే. ఇంట్లోన నానున్నానుకదా, నన్ను పిలు. ఇద్దరం ఏడుద్దాం."

"నాకేటైందో నాకే తెలీదత్తా. పిల్లంతే నాకు ఇష్టమే. మరెందుకీ ఏడుపు?"

అత్త పిల్లని తన భుజంమీదకు తీసుకుని వీపు నిమిరింది. "నా మొదటి గుంటడు పుట్టినప్పుడు నాకూ ఇలగే అయినాది. ఎవలికి సెప్తాను? మా అత్త కలుపుకి తోలీసింది. మడిలోన వంగి కలుపు తీస్తా, పాటలాగ ఏడిసేదాన్ని. పాటనుకునేవోలు. సావుల్లోన నేర్సుకున్నాననుకుంతారు అందరూ. కాదు, అక్కడ నేర్సుకున్నాను నాను ఈ రాగం."

నేను తల ఎత్తి చూశాను. ఆ మాట ఆవిడ కొడుక్కి కూడా తెలియదని ఆయన మొహమే చెప్పింది.

మావ కాళ్ళు పట్టుకున్న ముసలావిడ అప్పటికి లోపలికి వచ్చి గడపమీద కూర్చుంది. "నాను నూతికాడ ఏడిసేదాన్ని," అంది. "సేద వదిలీసి నూతిలోకి తొంగిసూసి ఏడిస్తే, సేద తీస్తన్నాననుకునేవోలు." ఇంకొకావిడ తాను ధాన్యం గాదె వెనకాల ఏడ్చేదాన్నంది. అలా ఒకరి తర్వాత ఒకరు. ఇంత ఊళ్ళో ఇంత ఏడుపు ఎక్కడెక్కడ దాక్కుందో ఆ మధ్యాహ్నం మా వంటింట్లో బయటపడింది. మగాళ్ళు నెమ్మదిగా బయటికి జారుకున్నారు.

సంత రోజున అత్త నన్ను కోటబొమ్మాళి తీసుకెళ్ళి ఆసుపత్రిలో నర్సమ్మకు చూపించింది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నా కళ్ళ కిందిరెప్పలు లాగి చూసి రక్తం తక్కువగా ఉందంది. అత్తను కాస్త అవతల కూర్చోమని నన్ను దగ్గరికి పిలిచింది. "చచ్చిపోవాలని గాని, పిల్లని ఏమైనా చేసేయాలని గాని అనిపిస్తోందా అమ్మా? అనిపిస్తే సిగ్గుపడకు. ఏ వేళైనా వచ్చెయ్యి," అంది. అలా అనిపించలేదని చెప్పాను. నిజంగానే అనిపించలేదు. కానీ ఆ మాట ఒకరు నన్ను పైకి అడగడంతోనే గుండెలమీంచి ఏదో దించినట్టయింది.

తర్వాత అత్తను పిలిచి చెప్పింది. "బాలింతల్లో చాలామందికి ఇలా అవుతుంది. ఇది గాలీ కాదు, పొగరూ కాదు. ముందు ఈ పిల్లని కంటినిండా నిద్రపోనివ్వండి. పాలిచ్చే పనొక్కటే తనది, మిగతావన్నీ మీరు చూసుకోండి. ఒంటరిగా వదలకండి."

"అంతేనా? మందు లేదేటి?" అంది అత్త.

"రక్తానికి మాత్రలిస్తాను. నిద్ర మీరే ఇవ్వాలి."

అత్త దాన్ని ప్రభుత్వం వారి ఆజ్ఞలాగా తీసుకుంది. సంతలో ఎండు సొరచేప, వెల్లుల్లి కొని ఇంటికి రాగానే పనులు పంచేసింది. పాలు తాగాక పిల్ల ఆవిడది. పొద్దుటి నీళ్ళు, తుడుపు బావవి. కొడుకు చీపురు పట్టడం చూసి పక్కింటావిడ ముక్కుమీద వేలేసుకుంటే, "నర్సమ్మ సెప్పింది, నీకేటి?" అని నోరు మూయించింది. పగలు నేను పడుకున్నప్పుడు గుమ్మంలో కాపలా కూర్చునేది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే, మా అత్తే, అందరికంటే గట్టిగా, "సప్పుడు సెయ్యకండర్రా!" అని అరిచేది. ఆ అరుపుకు నేను లేచి కూర్చునేదాన్ని. లేచి, నవ్వుకుని, మళ్ళీ పడుకునేదాన్ని.

కోపానికి ఉపాయం మావ చెప్పాడు. రోలు చూపించి, "నీకు కోపమొస్తే నోటితో సెప్పమ్మా, సెప్పీసి దంపు," అన్నాడు. అలాగే చేశాను. "నాకు కోపమొస్తంది" అని ప్రకటించి రోకలి అందుకునేదాన్ని. అందరూ దారి ఇచ్చేవారు. సాయంత్రం మావ కూరలో కారం రుచి చూసి, "ఇయ్యాల కారం మెత్తగున్నాది. కోడలికి గట్టిగా వచ్చినట్టున్నాది," అనేవాడు. తన మీద జోకని తెలిసి బావ తల వంచుకుని తినేవాడు. అప్పటికి ఆయన ఎద్దుల దగ్గర్నుంచి మళ్ళీ పీటమీదకు వచ్చేశాడు. జుర్రుమనే చప్పుడు మాత్రం మానలేదు. నేనే కొంచెం దూరంగా కూర్చోవడం నేర్చుకున్నాను.

ఆ ఒక్క నవ్వుతో అంతా తీరిపోయిందని చెప్తే అబద్ధం. బాగున్న నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఒక రోజు ఏ కారణమూ లేకుండా మబ్బు కమ్మేసేది. అప్పుడు అత్తను పిలిచేదాన్ని. ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చి పక్కన కూర్చునేది. కొన్నిసార్లు రాగం, కొన్నిసార్లు మాటలు, ఎక్కువసార్లు ఊరికే నా జుట్టు చిక్కు తీసేది. సాయంత్రాలు బావ పిల్లని భుజాన వేసుకుని రైలు కట్ట దాకా తీసుకెళ్ళేవాడు. రైలు వచ్చినప్పుడు పిల్ల చేతులూ కాళ్ళూ ఆడించేదట. తిరిగొచ్చి ఆ రైలును, పిల్లను, రెండింటినీ నాకు చేసి చూపించేవాడు. ఆరడుగుల మనిషి నట్టింట్లో కూతపెడుతూ తిరిగేవాడు.

వానలు పడి ఉభాలు మొదలయ్యాయి. మడుల్లో నాట్లు వేసే ఆడవాళ్ళకు నేనే అంబలి కావిడి వెంట వెళ్ళాను. మోకాలి లోతు బురదలో దిగి, అందరితోపాటు ఒక వరుస నాటాను. వంకరగా వచ్చిందని అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కోపం రాలేదు. వరికోతలనాటికి నేను నవ్వుతున్నానో లేదో అని అందరూ నా మొహంలోకి చూడడం మానేశారు.

మూడేళ్ళకు రెండో కాన్పు వచ్చింది. పుట్టింట్లో పురుడైన పదకొండో రోజుకే మా అత్త బొబ్బిలిలో రైలు దిగింది. ఒక చేతిలో కోడిపెట్టల గంప, చంకలో చుట్టిన చాప. మా అమ్మ ఎదురెళ్ళి మర్యాదగా, "రెండ్రోజులుండి ఎల్తారు కదా వదినా?" అంది.

"ఉండడానికే వచ్చినాను. పిల్లడు పాలు తాగినాక నాకు ఇచ్చీండి."

"మా ఇంట్లోన పురుడు. నా మనవడు. నానున్నానుకదా!"

"నీ కూతురు నిద్రపోవాలి, నర్సమ్మ సెప్పింది. నీకు తెల్దు, నాకు తెలుసు."

ఇద్దరూ వసారాలో నిలబడి పిల్లాడికోసం గొంతులు పెంచారు. మా నాన్న ఏ పక్కా మాట్లాడలేక ఎద్దులకు నీళ్ళు పెట్టాలంటూ వెళ్ళిపోయాడు. చివరికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అమ్మ, మధ్యాహ్నం నుంచి దీపాలవేళ దాకా అత్త అని ఒప్పందమైంది. ఒప్పందమైనాక కూడా అత్త, అమ్మ వంతు అయ్యేదాకా గుమ్మంలోనే చాప వేసుకుని కూర్చుంది.

నాకు అప్పుడు కూడా కొంచెం ఏడుపొచ్చింది. వచ్చింది కాబట్టి ఇద్దర్నీ పిలిచాను. ఇద్దరూ ఒకర్ని ఒకరు తోసుకుంటూ లోపలికి వచ్చారు.