బాదం ఆకుల ఫొటోలు

గల్ఫ్‌లోని సీబ్‌లో బస్సు కోసం నిలబడ్డాను. పక్కనే ఉన్న తెలుగు నర్సు ఒకావిడ, ఓ ఇంటి ప్రహరీ మీదుగా వంగిన బాదంచెట్టు ఎర్రటి ఆకుల్ని ఫోన్‌లో ఫొటోలు తీస్తోంది.

"కెనడాలో మా తోడికోడలు ఎర్రటి మేపుల్ చెట్ల ఫొటోలు పెట్టి తెగ ఊరిస్తోందండి. మనకీ ఉన్నాయని పంపిద్దామని," అంది నవ్వుతూ.

అంతలో గేటు తెరుచుకుంది. ఆడవాళ్లున్న ఇంటికి ఫొటోలేమిటని ఇంటాయన హిందీలో అరిచాడు. "మొబైల్ దో! పోలీస్ కో బులాతా హూఁ!"

కేసయితే ఆవిడ ఉద్యోగం పోతుంది. అయినా ఫోన్ ఆయనకివ్వలేదు. వెనక నిలబడ్డ ఆయన తల్లి చేతిలో పెట్టింది. ఆ పెద్దావిడ ఒక్కో ఫొటో చూసి, కిటికీలో మనవరాలు కనిపిస్తున్న ఒక్కదాన్నే చెరిపి ఫోన్ తిరిగిచ్చేసింది.

బస్సెక్కాక నర్సు మిగతావీ చెరిపేస్తోంది.

"అవన్నీ ఉత్త ఆకులేగా?" అన్నాను.

"ఆకుల వెనక వాళ్ల కిటికీ ఉందండి," అంది తలెత్తకుండా.