కరెంటు పోయినా ఆగని మిషను

ఒక మధ్యాహ్నం యూనిఫాంలు కుట్టే షెడ్డులో కరెంటు పోయింది. నలభై మిషన్లు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. ఒకటి మాత్రం ఆగలేదు, గుర్రు గుర్రుమని తన మానాన తాను నడుస్తూనే ఉంది. కరెంటు లేకుండా నడిచే మిషనేమిటా అని సూపర్‌వైజరు వెతుక్కుంటూ వెళ్లి, చివరి వరుసలో కాలర్లు కుట్టే ఆవిడ దగ్గర ఆగాడు. ఆవిడ వెనక ఉన్న బట్టల మూటకి తల వాల్చి, నోరు పైకప్పు వైపు తెరిచి, ఒళ్లు మరిచి నిద్రపోతోంది.

ఇరవై రెండేళ్లుగా, వంకర పోని కాలరు కావాలంటే ఆవిడే కుట్టాలని పేరు. ఆ పేరు ఆ పూటతో సరి. సాయంత్రానికల్లా ఆవిడ ఇంజనక్క అయిపోయింది.

ఇంట్లో పరిస్థితి ఇంతకంటే గొప్పగా లేదు. కళ్లజోళ్ల షాపులో పనిచేసే మొగుడుగారు ఆవిడ గురకని ఫోనులో ఎక్కించి, ఆవిడ ఫోను చేసినప్పుడల్లా అదే మోగేలా పెట్టుకున్నారు. పాపం, ఉప్పు అయిపోయిందని చెప్పడానికి ఈవిడ నంబరు నొక్కితే చాలు, అక్కడ షాపంతా గురక. "మా ఆవిడ పిలుస్తోంది" అని ఆయన అనడం, కళ్లజోడు పెట్టి చూసుకుంటున్న వాళ్లు పడీ పడీ నవ్వడం. ఒకరోజు ఈవిడ అటుగా వెళ్తూ షాపు గుమ్మంలోంచి ఫోను చేసి, ఆ వైభవం స్వయంగా చూసింది. ఫోను కట్టేసి ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంది.

అదీ సర్దుకునేదే. కానీ షెడ్డు పెట్టి పాతికేళ్లయిందని యజమాని ఆడవాళ్లని మూడు రోజులు సముద్రానికి పంపుతానన్నాడు. ఈవిడ సముద్రాన్ని క్యాలెండరు మీద తప్ప చూడలేదు. అందరికీ పడక ఒకే హాల్లో. ఎవరెవరు వెళ్లాలో రాసే కాగితం షెడ్డులో బట్ట కత్తిరించే కటింగ్ వదిన చేతిలో ఉంది. వదిన తన కత్తెరకి వారానికోసారి సాన పట్టించేది, నోటికి ఆ అవసరం రాలేదు.

"నువ్వొస్తే సముద్రం చప్పుడు మాకు వినబడదు కదే," అంది వదిన.

అందరూ నవ్వారు. రోజూ ఈవిడ డబ్బాలోంచి కూర వేయించుకునే గుండీల పిన్ని కూడా నవ్వింది. మూడు వారాలు గడువివ్వమని ఇంజనక్క బతిమాలుకుంటే, అది తీరాక ఒక మధ్యాహ్నం అందరి ముందూ గురక లేకుండా పడుకుని చూపించాలని తీర్మానించారు.

ఆవిడ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గొంతు ఇరుకవుతుందని, ఆ సందులోంచి గాలి దూరుతుంటే మెత్తటి కండ అదిరి చప్పుడొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మెడ దగ్గర పేరుకున్న కొవ్వు ఒక కారణం, షెడ్డులో దూది పీల్చి పీల్చి బిగుసుకున్న ముక్కు ఇంకో కారణం. ఆ జలుబుకి రోజూ మింగే మత్తుమాత్ర గొంతుని మరింత వదులు చేస్తోంది. మందు కొట్టేవాళ్లదీ అదే గతట. మధ్యలో ఊపిరి ఆగుతుందా అని వెంట వచ్చిన మొగుణ్ణి అడిగితే, "ఆగడమా డాక్టరుగారూ, నాన్‌స్టాపు," అన్నాడాయన గర్వంగా. ఆగితే మాత్రం నవ్వులాట కాదని, వెంటనే తీసుకురావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఒళ్లు తగ్గడానికి నెలలు పడుతుంది, పక్కకి తిరిగి పడుకోవడం మాత్రం ఇవాళే మొదలుపెట్టవచ్చంది.

తిరిగి పడుకుంటుంది సరే, నిద్రలో మళ్లీ వెల్లకిలా దొర్లితే? అక్కడ కాలర్లు కుట్టే చెయ్యి పనికొచ్చింది. ఒక పాత బనీను వీపు నడిమధ్యన జేబు కుట్టి, అందులో రబ్బరు బంతి పెట్టి మూతి బిగించింది. వెల్లకిలా తిరగబోతే బంతి పొడుస్తుంది. మాత్ర మార్పించుకుంది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంది. రాత్రి తిండి పెందలాడే తిని, మంచం తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టింది. మూడో వారానికి మొగుడు ఫోనులో కొత్తగా ఎక్కించడానికి ఏమీ దొరక్క దిగాలుపడ్డాడు.

పరీక్ష రోజు అన్నాలయ్యాక ఇంజనక్క జాకెట్టు మీదే బంతి బనీను తొడుక్కుని, బట్టల మూటల మీద పక్కకి తిరిగి పడుకుంది. అందరూ చుట్టూ కూర్చున్నారు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. చప్పుడు లేదు. వాళ్ల ముఖాలు వాడిపోయాయి.

"దొంగనిద్ర," అంది వదిన. అని, పైటకున్న గుండుసూది తీసి ఇంజనక్క జబ్బలో గుచ్చింది.

ఆవిడ కెవ్వుమని లేచి కూర్చుంది. నిజంగా నిద్రపోతే అంత చటుక్కున లేస్తుందా అని వదిన తీర్పు చెప్పి, ఆవిడ పేరు కొట్టేసింది. జబ్బ మీది రక్తం బొట్టు అంటుకుంటుందని గుండీల పిన్ని తెల్ల చొక్కాల కట్ట పక్కకి జరిపింది.

రెండు రోజుల తర్వాత వదిన ఇంజనక్క ఇంటికొచ్చింది, చేతిలో కొత్త బనీను, కొలతలు రాసిన చీటీ. తన సొంత అక్కకి ఈమధ్య నిద్రలో కాస్త ఇబ్బందిగా ఉందని, అలాంటిదే ఒకటి కుట్టిపెట్టమని, ఎవరికీ చెప్పొద్దని అడిగింది.

ఇంజనక్క చీటీ చూసింది. వదిన జాకెట్లు సరిచేసేది పన్నెండేళ్లుగా తనే.

"మీ అక్కకి కూడా ఎడమ భుజం అర అంగుళం దిగుడేనా, వదినా?"

వదిన చీటీ లాక్కోబోయింది. ఇంజనక్క వదల్లేదు.

"ఎవరికీ చెప్పను. కాగితంలో నా పేరు రాయండి."

మర్నాటికి పేరు ఎక్కింది. ఇంజనక్క మాట నిలబెట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. బనీను ముచ్చటగా కుట్టి, బయల్దేరే పూట చేతిలో పెట్టింది. జేబు మూతి రెండు కుట్లు ఎక్కువే వేసి బిగించింది. లోపల ఉన్నది మాత్రం రబ్బరు బంతి కాదు. దారం అయిపోయిన చెక్క రీలు.

సముద్రం దగ్గర రెండో రోజు పొద్దున్నకి వదిన నడుం వంచలేకపోయింది. గురకా లేదు, నిద్రా లేదు. ఏమైందని అందరూ అడిగితే, బస్సు కుదుపంది. నీళ్లలో దిగే పని లేదు కాబట్టి అందరి చెప్పులూ ఆవిడ ముందే పోగేశారు.

ఇంజనక్క చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, తన జత ఆ పోగు మీద పెట్టింది.

"కాస్త చూస్తుండండి వదినా," అని, కెరటాల వైపు నడిచింది.