అక్క చదివిన ఫిజిక్స్

ఈ పొద్దున ఒక తప్పు చేశాను. అదీ ఎదుటివాళ్లు పెట్టిన సర్వపిండి తింటూ చేశాను. అమీర్‌పేటలో నేను పనిచేసే కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌కు స్వప్న అనే అమ్మాయి వాళ్ల నాన్నతో కోర్సుల సంగతి కనుక్కోవడానికి వచ్చింది. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ సీటొచ్చిందట. ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకోవడానికి ఈ సాయంత్రమే ఆఖరి గడువు. ఆ సంతోషంలో తల్లి చేసి పంపిన సర్వపిండి డబ్బా నా ముందు పెట్టి, ఆయన అడిగాడు.

"సార్, గీ ఫిజిక్స్ చదివితే రేపు ఏం నౌకరి వస్తది?"

"ట్యూషన్లు చెప్పుకోవాలె, అంతే," అన్నాను.

వచ్చినవాళ్లను కోర్సులో చేరే ఫారం నింపకుండా మెట్లు దిగనివ్వకూడదన్నది మా సెంటర్ పద్ధతి. స్వప్న ఫారం నింపింది. వాళ్లు వెళ్లాక చేతికి అంటిన నువ్వుల, కరివేపాకు వాసన నన్ను బల్కంపేటలోని మా పాత ఇంటికి లాక్కుపోయింది.

ముసురు పట్టిన ఆషాఢంలో, బోనాల జనం గల్లీ నిండి, డప్పుల మోతకు కిటికీ రెక్కలు అదురుతుంటే, వేపాకు, పసుపు, సాంబ్రాణి వాసనల మధ్య నాయనమ్మ గుండ్రటి గిన్నె లోపల బియ్యప్పిండి ముద్దను పరిచి, వేలితో చిల్లులు పెట్టి, పొయ్యి మీద సర్వపిండి కాల్చేది. ఒక వాయ తీశాక, చల్లారడానికి గిన్నెను బోర్లించి నీళ్లు చిలకరిస్తే, చుక్కలు ఇంకిపోకుండా ముత్యాల్లా జారుతూ పరుగెత్తేవి. అప్పుడు డిగ్రీ చదివే మా అక్క సరళ, ఆ చుక్క తన కింద పుట్టిన ఆవిరి మీదే తేలుతోందని చెబితే, నేను తినడం మరిచి చూస్తుండేవాణ్ణి. బొంగరం తిరుగుతున్నంతసేపు ఎందుకు పడదో, ఎండాకాలం రంజన్ కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో, అన్నీ ఆమెకు కావాలి.

అక్క ఎమ్మెస్సీలో చేరినప్పుడు ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ చాయ్ తాగుతూ ఇదే ప్రశ్న అడిగేవాడు. గా చదువు కూడు పెడ్తదా బిడ్డా అని నాయనమ్మ ప్రేమగానే సతాయించేది. చదువయ్యాక రెండేళ్లు అక్క పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెప్పింది. ఆ రోజుల్లో, గోటీలాడుతూ, మా అక్క ఉత్తగనే ఇంట్ల ఉంటదని దోస్తులతో అన్నాను. అది ఆమె చెవిన పడింది. ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే నా లెక్కలు దిద్దింది.

తర్వాత ఏడాదిపాటు రేడియేషన్ మీద మరో చదువు చదివి, సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో చేరింది. క్యాన్సర్ రోగికి ఎక్కడ, ఎంత కిరణం పడాలో, పక్కనున్న మంచి కండకు దెబ్బ తగలకుండా లెక్కగట్టే పని. ఇప్పటికీ అదే చేస్తోంది. ఇంత తెలిసిన నేను పొద్దున ఆ సంగతే ఎత్తలేదు.

మధ్యాహ్నం ఫారంలోని నంబరుకు ఫోన్ చేశాను. తండ్రీకూతుళ్లు పంజాగుట్టలో బస్సు కోసం నిలబడి ఉన్నారు. అక్క ఉద్యోగం సంగతి చెప్పాను.

"మరి పొద్దున ఎందుకు చెప్పలే సార్?" అంది స్వప్న.

"ఫారం నింపించాలని, తల్లీ. తప్పు నాదే."

తండ్రి ఫోన్ అందుకుని, మీ అక్క నోటితో వింటేనే నమ్ముతానన్నాడు. న్యాయమే. అక్కను అదే కాల్‌లో కలిపాను. ఆమె తీపి మాటలేమీ చెప్పలేదు.

"నౌకరి పక్కా అని నేను చెప్ప. ఎమ్మెస్సీ తర్వాత సుత చదవాలె, గా సీట్లు తక్కువ. కానీ ఫిజిక్స్ చదివినందుకు నేనెన్నడు బాధపడలే బిడ్డా."

నాలుగింటికి సీటు ఖాయం చేసుకున్నానని స్వప్న మెసేజ్ పెట్టింది. అక్కకు చెబితే మంచిదే అంటూ, "ఇన్నేండ్లల్ల ఎంతమందికి గిట్ల చెప్పినవ్ రా?" అని అడిగింది.

బల్కంపేట ఇల్లు ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టల్. నాయనమ్మ లేదు, ఆ పొయ్యి లేదు. చుక్కలు చూస్తూ తిండి మరిచిన నా ఆశ్చర్యం ఎప్పుడు పోయిందో కూడా గుర్తు లేదు. సెంటర్ బీరువా తెరిచి ఈ నెల ఫారాలన్నీ ముందేసుకున్నాను. డిగ్రీ అన్న గడిలో ఫిజిక్స్ అని రాసినవి పదకొండు తేలాయి. అద్దాల గదిలోంచి మా ఓనరు చూస్తూనే ఉన్నాడు. మొదటి నంబరు కలిపాను.